పిలవని పేరంటం: తనంతట తాను వెలిగే వీపీఎన్

ఫోన్ పై అంచున, సిగ్నల్ గీతల పక్కన చిన్న తాళంచెవి బొమ్మ వెలుగుతుంది. ఐఫోన్ అయితే తాళంచెవికి బదులు ‘వీపీఎన్’ అన్న ఇంగ్లిష్ అక్షరాలు మూడు. మీరు దేన్నీ నొక్కలేదు. ఆఫ్ చేస్తే పోతుంది, తల తిప్పేలోగా మళ్ళీ ప్రత్యక్షం. ఈలోగా బ్యాంకు యాప్ తెరుచుకోనని మొండికేస్తుంది. క్రికెట్ మ్యాచ్ పెట్టబోతే ‘మీ ప్రాంతంలో అందుబాటులో లేదు’ అని వస్తుంది. గూగుల్‌లో ఏది వెతికినా ముందు ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి, మనం మనుషులమేనని రుజువు చేసుకోమంటుంది. ఇలాంటప్పుడు ఎవరి నోటనైనా మొదట వచ్చే మాట ‘ఫోన్ హ్యాక్ అయింది’. రిపేరు షాపుకు తీసుకెళ్తే అక్కడి కుర్రాడు ‘ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా’ అంటాడు. ఫోటోలూ చాట్‌లూ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ తర్వాత పాత ఖాతాతో లాగిన్ అయి యాప్‌లన్నీ తిరిగి ఎక్కించుకుంటాం. వాటిలో ఒకటి మళ్ళీ ‘ఓకే’ అడుగుతుంది, మనం మళ్ళీ చదవకుండానే ‘ఓకే’ అంటాం. మర్నాడు తాళంచెవి హాజరు.

నిజానికి వీపీఎన్ దానంతట అది రాదు. రావాలంటే ఎప్పుడో ఒకనాడు మన వేలితో ఇచ్చిన అనుమతి ఉండాలి. ‘ఫలానా సందర్భంలో కనెక్ట్ అవ్వు’ అనే నియమం ఫోన్‌లో ఎక్కడో రాసి ఉండాలి. ఆ సందర్భం ఇప్పుడు ఎదురై ఉండాలి. అనుమతి ఇచ్చింది ఏడాది కిందట. నియమం రాసింది యాప్ తయారుచేసినవాళ్ళు. మనకు కనిపించేది చివరిదైన సందర్భం ఒక్కటే, అందుకే దయ్యం పట్టినట్టు తోస్తుంది. ఆఫ్ బటన్ నొక్కితే ఆగేది ఆ ఒక్కసారి కనెక్షనే, నియమం చెక్కుచెదరదు. ఈ సమస్యతో కుస్తీపట్టేవాళ్ళలో చాలామంది బటన్‌తోనే పోరాడుతుంటారు. వెతకాల్సింది నియమం ఎవరిదన్నది.

వీపీఎన్ పుట్టింది ఫోన్ల కోసం కాదు. ఇంటి నుంచో హోటల్ నుంచో ఆఫీసు కంప్యూటర్లలోకి వెళ్ళాల్సిన ఉద్యోగుల కోసం పుట్టింది. మైక్రోసాఫ్ట్‌లో గురుదీప్ సింగ్ పాల్ బృందం 1996లో పీపీటీపీ అనే పద్ధతిని తెచ్చింది. 2001లో ఓపెన్‌వీపీఎన్ వచ్చింది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రాసిన వైర్‌గార్డ్ 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్‌లోకి చేరింది. పద్ధతులు మారాయి గానీ కిటుకు ఒకటే. మామూలుగా ఫోన్ నుంచి బయల్దేరే ప్రతి డేటా ప్యాకెట్ మీద గమ్యం చిరునామా పైకి కనిపిస్తూ ఉంటుంది. వీపీఎన్ ఉన్నప్పుడు ఆ ప్యాకెట్‌ను మొత్తంగా గుప్తలిపిలోకి మార్చి ఇంకో ప్యాకెట్‌లో పెడతారు, ఉత్తరాన్ని అంటించి మరో కవరులో పెట్టినట్టు. పై కవరు మీద ఉండేది వీపీఎన్ సర్వర్ చిరునామా. అక్కడ కవరు విప్పి, లోపలి ఉత్తరాన్ని ఆ సర్వరే తన పేరుతో పోస్టు చేస్తుంది. అందుకే బ్యాంకు కంప్యూటర్‌కు మీరు జగిత్యాలలో కాక ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్నట్టు కనిపిస్తారు.

ఫోన్ లోపల ఇది జరిగే తీరు ముచ్చటగా ఉంటుంది. వైఫైకి ఒకటి, సిమ్ డేటాకు ఒకటి ఉన్నట్టే, వీపీఎన్ మొదలవగానే ఆపరేటింగ్ సిస్టమ్ మూడో నెట్‌వర్క్ ద్వారాన్ని సృష్టిస్తుంది. ఆండ్రాయిడ్‌లో దాని పేరు సాధారణంగా ‘టన్0’. దాని వెనక తీగా లేదు, యాంటెన్నా లేదు, ఉన్నది ఒక యాప్. ‘అన్ని చిరునామాలకూ దారి ఇదే’ అని సిస్టమ్ తన దారుల పట్టికలో రాసుకుంటుంది. ఇక వాట్సాప్ అయినా యూట్యూబ్ అయినా పంపే ప్రతి ప్యాకెట్ ఆ యాప్ చేతిలోంచే వెళ్ళాలి. ఆ యాప్ దాన్ని గుప్తపరచి దూరదేశానికి పంపొచ్చు. చదివి ఊరుకోవచ్చు. చెత్తబుట్టలో పడేయనూ వచ్చు. ఏం చేయాలన్నది పూర్తిగా ఆ యాప్ ఇష్టం.

ఈ చివరి మాటలోనే అసలు చిక్కు ఉంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0తో గూగుల్ ఈ సౌకర్యాన్ని మామూలు యాప్‌లకు కూడా ఇచ్చింది, ‘వీపీఎన్ సర్వీస్’ అన్న పేరుతో. ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ నెట్ రాకపోకలను చూడలేదు, అది మంచి కట్టుబాటే. అయితే ప్రకటనలను ఆపే యాప్‌కు, పిల్లల ఫోన్‌ను కనిపెట్టుకుని ఉండే యాప్‌కు, ప్రమాదకరమైన సైట్లను అడ్డుకునే యాంటీవైరస్‌కు ఫోన్ మొత్తం రాకపోకలు కనిపించాల్సిందే. ఫోన్‌ను రూట్ చేయకుండా, అంటే సిస్టమ్ తాళాలు పగలగొట్టకుండా, అందుకు ఉన్న దారి దాదాపు ఇదొక్కటే. దాంతో ఆ యాప్‌లన్నీ వీపీఎన్ వేషం కట్టాయి. బ్లోకడా, నెట్‌గార్డ్, యాడ్‌గార్డ్ ఈ కోవలోవే. డక్‌డక్‌గో యాప్‌లో ట్రాకర్లను ఆపే సదుపాయమూ అంతే. వీటికి బయట ఏ దేశంలోనూ సర్వర్ అక్కర్లేదు. ప్యాకెట్‌ను ఫోన్‌లోనే పట్టుకుని, అడ్డుకోవాల్సింది అడ్డుకుని, మిగతావి మామూలు దారినే వదిలేస్తాయి. కానీ తాళంచెవి మాత్రం వెలుగుతుంది. ఆండ్రాయిడ్‌కు తెలిసింది టన్0 తెరుచుకుందన్నదొక్కటే. అవతల ఉన్నది సర్వరో జల్లెడో అది చెప్పదు.

కాబట్టి తాళంచెవి కనిపించినప్పుడు మొదట తేల్చుకోవాల్సింది ఇది దూరపు సర్వర్‌కు తవ్విన నిజం సొరంగమా, ఫోన్‌లోని జల్లెడ కట్టిన వేషమా అని. అందుకు చిన్న పరీక్ష ఉంది. బ్రౌజర్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికి, వచ్చిన పేజీలో చిరునామా పక్కన కంపెనీ పేరు చూడండి. తాళంచెవి వెలిగి ఉన్నప్పుడు కూడా జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ వంటి మీ నెట్ కంపెనీ పేరే ఉంటే అది జల్లెడ. ఏదో విదేశీ డేటా సెంటర్ పేరు వస్తే అది సొరంగం. జల్లెడ అయితే మీరు పెట్టుకున్న యాడ్ బ్లాకరో, పిల్లవాడి చదువు కోసం పెట్టిన యాపో, యాంటీవైరసో అయి ఉంటుంది. భయపడాల్సిన పని సాధారణంగా ఉండదు. ఈ వేషం శ్రుతి మించిందని గూగుల్‌కే అనిపించినట్టుంది. వీపీఎన్ సేవే ప్రధాన పనిగా ఉన్న యాప్‌లూ, పిల్లల రక్షణ, ఫోన్ భద్రత వంటి కొన్ని మినహాయింపులూ తప్ప ఇంకెవరూ ఈ సౌకర్యాన్ని వాడకూడదని ప్లే స్టోర్ నిబంధన పెట్టింది. అది 2022 నవంబర్ నుంచి అమల్లో ఉంది.

ఇక ఎవరిదో తెలుసుకోవడం. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి, ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’లోకి వెళ్తే వీపీఎన్ అనే వరుస ఉంటుంది. శామ్‌సంగ్ ఫోన్లలో ‘కనెక్షన్స్’లో ‘మోర్ కనెక్షన్ సెట్టింగ్స్’ కింద దాక్కుంటుంది. కనిపించకపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకుడు పెట్టెలో ‘వీపీఎన్’ అని కొట్టడం సులువు. ఇంతవరకూ మీరు వీపీఎన్ అనుమతి ఇచ్చిన యాప్‌ల జాబితా అక్కడ ఉంటుంది, ఇప్పుడు నడుస్తున్నదాని కింద ‘కనెక్టెడ్’ అని రాసి ఉంటుంది. ఆ పేరు చూసి ‘అరె, ఇదా!’ అనుకునేవాళ్ళే ఎక్కువ.

పేరు పక్కన చక్రం గుర్తు ఉంటుంది. అది నొక్కితే రెండు మీటలు కనిపిస్తాయి, అసలు కథ అక్కడే. మొదటిది ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’. యాప్‌లకు ఇది 2016లో ఆండ్రాయిడ్ 7తో దక్కింది. ఇది ఆన్‌లో ఉంటే ఫోన్ స్టార్ట్ అయిన వెంటనే సిస్టమే ఆ యాప్‌ను నిద్రలేపుతుంది, మధ్యలో అది కుప్పకూలితే మళ్ళీ లేపుతుంది. మనం యాప్‌లోకి వెళ్ళి డిస్‌కనెక్ట్ నొక్కినా లాభం తక్కువ, ఆజ్ఞ ఇస్తున్నది యాప్ కన్నా పైవాడు కాబట్టి. రెండోది మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ‘బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్’. వీపీఎన్ లేకపోతే ఒక్క ప్యాకెట్‌నూ బయటికి పోనివ్వొద్దని దాని అర్థం. విలేఖరులకు, రహస్యంగా పనిచేయాల్సినవాళ్ళకు ఇది ప్రాణరక్ష. ఏడాది చందా కట్టి మరచిపోయినవాడికి మాత్రం ప్రాణసంకటం. చందా గడువు తీరిన రోజున వీపీఎన్ సర్వర్ తలుపు తీయదు, ఫోన్ వేరే దారిన పోనివ్వదు. నెట్ పూర్తిగా బంద్. ఫుల్ సిగ్నల్ ఉండి కూడా ఒక్క పేజీ తెరుచుకోదు. అప్పుడు తిట్లు తినేది సిమ్ కంపెనీ.

ఈ రెండు మీటలూ ఆఫ్‌లోనే ఉన్నా తాళంచెవి వస్తోందంటే నియమం యాప్ లోపల ఉన్నట్టు. ఫోన్ ఆన్ అవగానే సిస్టమ్ ‘నేను లేచాను’ అని యాప్‌లన్నిటికీ ఒక కబురు పంపుతుంది. నెట్‌వర్క్ మారినా యాప్‌లకు తెలుస్తుంది. వీపీఎన్ యాప్‌లు ఈ కబుర్ల కోసం చెవి ఒగ్గి ఉంటాయి. వాటి సెట్టింగ్స్‌లో ‘ఆటో కనెక్ట్’ అనో, ‘కనెక్ట్ ఆన్ అన్‌ట్రస్టెడ్ వైఫై’ అనో, ‘ప్రొటెక్ట్ ఆన్ స్టార్టప్’ అనో రాసి ఉంటుంది. ఈ మధ్యలో ఉన్న ‘అన్‌ట్రస్టెడ్ వైఫై’ చాలా తికమక పెడుతుంది. నా కళ్ళముందు జరిగినదే ఒకటి చెబుతాను.

జగిత్యాల దగ్గర మా చుట్టాలింట్లో పెద్దాయన ఒకరు ఎన్నో ఏళ్ళు దుబాయిలో పనిచేసి తిరిగొచ్చారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు ఊళ్ళ నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఫోన్లలో వీపీఎన్ యాప్ కనిపించడం మామూలే. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ వెళ్ళదు, ఇంటర్నెట్ కాల్స్‌కు లైసెన్సు ఉన్న బోటిమ్ వంటి యాప్‌లనే వాడాలి. అక్కడి 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం నేరం చేయడానికో, నేరం బయటపడకుండా చూసుకోవడానికో ఐపీ అడ్రసు దాచుకుంటే జైలు లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, లేదా రెండూ. ఈ సంగతులేవీ లేబర్ క్యాంపు గదుల్లో ఎవరూ చెప్పరు. పెద్దాయన ఫోన్‌లో వచ్చిన తంటా ఏమిటంటే, ఇంట్లో కూర్చుని డబ్బులు పంపబోతే యాప్ ‘సేవ అందుబాటులో లేదు’ అనేది, కిరాణా కొట్టుకు వెళ్ళి కడితే చక్కగా పడేవి. ఇల్లు కలిసిరాలేదని కూడా ఒకరన్నారు.

మేనకోడలు ఫోన్ చేతిలోకి తీసుకుంది. “మామా, ఈ చెవి గుర్తు దుబాయిల ఉన్నప్పటిదేనా?”

“అవ్ బిడ్డా. మీ అత్తతోటి మాట్లాడెతందుకు రూముల ఉండే పోరడు ఎక్కిచ్చిండు. ఈడికొచ్చినంక నేను దాన్ని ముట్టనే లేదు.”

ముట్టకపోవడమే కారణం. ఆ పోరడు ఎక్కించిన యాప్‌లో ‘అన్‌ట్రస్టెడ్ వైఫై’ మీట ఆన్‌లో ఉంది. కొడుకు ఇంట్లో కొత్తగా పెట్టించిన వైఫై పేరు ఆ యాప్ ఎన్నడూ వినలేదు, కాబట్టి దాని దృష్టిలో అది పరాయి వైఫై. గడప లోపలికి రాగానే ఫోన్ వైఫై పట్టుకోవడం, ఆ వెంటనే యాప్ నెదర్లాండ్స్ సర్వర్‌కు సొరంగం తవ్వడం, నెదర్లాండ్స్ నుంచి డబ్బు పంపబోతున్నారని చెల్లింపు యాప్ బెదిరిపోవడం. కిరాణా కొట్టు దగ్గర సిమ్ డేటా మీద ఉంటారు గనుక నియమం వర్తించదు. ‘ఇంట్లో పనిచేయదు, బయట పనిచేస్తుంది’ అన్న ఒక్క మాటలో రోగ నిర్ధారణ అంతా ఉంది. ఆటో కనెక్ట్ ఆఫ్ చేయడానికి అర నిమిషం పట్టలేదు. ఆయన మళ్ళీ దుబాయికి పోయే ఆలోచన లేదన్నారు, అందుకని యాప్‌నే తీసేశారు.

ఇలా ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్నది గమనించడమే ఈ విద్యలో సగం. వైఫై మీదే వస్తే ‘అన్‌ట్రస్టెడ్ వైఫై’ మీట. రీస్టార్ట్ చేసిన వెంటనే వస్తే ‘స్టార్టప్’ మీటో, ఆల్వేస్ ఆన్ మీటో. ఒక ఫలానా యాప్ తెరిచినప్పుడే వస్తే ఆ యాప్‌కు మాత్రమే వీపీఎన్ కట్టిన ఏర్పాటు.

కొన్ని ఫోన్లలో మనం ఎక్కించకపోయినా తయారీదారే వీపీఎన్ పెట్టి ఇస్తాడు. శామ్‌సంగ్‌లో ‘సెక్యూర్ వైఫై’, పిక్సెల్ ఫోన్లలో ‘వీపీఎన్ బై గూగుల్’ అలాంటివి. రైల్వే స్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో ఉచిత వైఫైకి కలవగానే తాళంచెవి వెలిగితే ముందు వీటిని అనుమానించాలి.

ఐఫోన్ తీరు వేరు. అక్కడ సెట్టింగ్స్‌లో వీపీఎన్ మీటను ఆఫ్ చేస్తూ ఒకసారి జాగ్రత్తగా చూడండి. పచ్చరంగు పోయి మీట బూడిదరంగుకు తిరుగుతుంది. ‘డిస్‌కనెక్టింగ్’ అని కనిపిస్తుంది. మీరు వేలు తీసేలోగా ‘కనెక్టింగ్’ అని మారుతుంది, మీట తిరిగి పచ్చబడుతుంది. ఫోన్ ఎదురుతిరిగినట్టే ఉంటుంది. ఎదురుతిరిగింది ‘కనెక్ట్ ఆన్ డిమాండ్’ అనే నియమాల పట్టిక. ఆ పట్టికలో ఒక్కో వరుసకు ఒక షరతు ఉంటుంది: ఉన్నది వైఫైలోనా డేటాలోనా, వైఫై పేరేమిటి, వెళ్ళాల్సిన వెబ్‌సైట్ ఏది. షరతు పక్కన చేయాల్సిన పని: కలుపు, తెంచు, పట్టించుకోకు. పై నుంచి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపోయిన వరుసను ఫోన్ అమలు చేస్తుంది. వీపీఎన్ యాప్‌లు చాలావరకు రాసే వరుస ఒక్కటే: ఎక్కడున్నా, ఏం అడిగినా, కలుపు. ఫోన్ ఖాళీగా కనిపిస్తుంది గానీ ఖాళీగా ఉండదు. మెయిల్ వచ్చిందేమో చూస్తుంది, వాతావరణం అడుగుతుంది, నోటిఫికేషన్ల సర్వర్‌తో మాట కలుపుతూనే ఉంటుంది. మీరు ఆఫ్ చేసిన తర్వాతి సెకనులోనే ఏదో ఒక యాప్ నెట్ అడుగుతుంది. అడగ్గానే నియమం మేలుకుంటుంది.

అందుకని ఐఫోన్‌లో మీట నొక్కే ముందు ఆ వీపీఎన్ పేరు పక్కనున్న ‘ఐ’ గుర్తును నొక్కి, లోపల ‘కనెక్ట్ ఆన్ డిమాండ్’ ఆఫ్ చేయాలి. అది చేశాక కూడా యాప్ తెరిచినప్పుడల్లా అదే తిరిగి ఆన్ అవుతుంటే, యాప్ తన సొంత సెట్టింగ్‌ను సిస్టమ్ మీద రుద్దుతోందన్నమాట. ముందు యాప్ లోపలి ఆటో కనెక్ట్ తీసేసి, తర్వాత సిస్టమ్‌లో తీయాలి. వరుస తిరగబడితే పని చెడుతుంది. యాప్‌ను డిలీట్ చేస్తే అది పెట్టుకున్న వీపీఎన్ ఏర్పాటు కూడా దాంతో పాటే పోతుంది. ప్రొఫైల్ రూపంలో వచ్చిన వీపీఎన్ మాత్రం అలా పోదు. కాలేజీ వాళ్ళో, ఆఫీసు వాళ్ళో, ఏదో వెబ్‌సైటో ‘ఈ ఫైల్ ఇన్‌స్టాల్ చేసుకోండి’ అంటే చేసుకున్నది ‘జనరల్’లో ‘వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్’ అన్నచోట స్థిరంగా కూర్చుని ఉంటుంది. దాన్ని అక్కడే తీయాలి.

రెండు వీపీఎన్ యాప్‌లు పెట్టుకున్నవాళ్ళ అవస్థ మరొకటి. ఆండ్రాయిడ్‌లో ఒక యూజర్‌కు ఒకేసారి ఒకే వీపీఎన్. యాడ్ బ్లాకర్ నడుస్తుండగా ఆఫీసు వీపీఎన్ తెరిస్తే యాడ్ బ్లాకర్ చేతిలోంచి టన్0 జారిపోతుంది. తనకు ఆటో కనెక్ట్ ఉంది గనుక అది కాచుకుని ఉండి తిరిగి లాక్కుంటుంది. ఒకసారి అనుమతి ఇచ్చిన యాప్‌ను సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఈ లాగులాటలో మనల్ని ఎవరూ ఏమీ అడగరు. జూమ్ మీటింగ్ మధ్యలో ఆఫీసు వీపీఎన్ తెగిపోతోందని ఐటీ వాళ్ళకు ఫోన్ చేస్తే వాళ్ళ సర్వర్లలో అన్నీ బాగానే ఉంటాయి. యాడ్ బ్లాకర్‌కు ఆల్వేస్ ఆన్ ఇచ్చి ఉంటే మాత్రం కథ ఇంకోలా ఉంటుంది, అప్పుడు ఆఫీసు వీపీఎన్ అసలు మొదలే కాదు. ఎక్కువ వాడని యాప్‌కు జాబితాలో చక్రం గుర్తు నొక్కి ‘ఫర్గెట్ వీపీఎన్’ కొట్టండి. దాంతో పాత అనుమతి రద్దవుతుంది, ఇక మీదట అది మిమ్మల్ని అడక్కుండా టన్0ను ముట్టుకోలేదు. ఆటో కనెక్ట్ మీట ఎక్కడుందో దొరకని యాప్‌లకు కూడా ఇదే మందు.

వేగం సంగతి. వీపీఎన్ వెలిగితే నెట్ నెమ్మదిస్తుందని అందరికీ అనుభవమే, ఎంత నెమ్మదిస్తుందో లెక్క వేయవచ్చు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయి సర్వర్‌కు నేరుగా వెళ్ళి రావడానికి దూరం 1,250 కిలోమీటర్ల లోపే, అంటే 6 మిల్లీసెకన్ల పని. అదే సింగపూర్ మీదుగా వీపీఎన్ కలిస్తే ప్యాకెట్ హైదరాబాద్ నుంచి సింగపూర్, అక్కడి నుంచి ముంబయి, మళ్ళీ అదే దారిన వెనక్కి. సూటి గీతలో కొలిచినా 14,000 కిలోమీటర్లు దాటుతుంది, 70 మిల్లీసెకన్లకు తగ్గదు. సముద్రగర్భ కేబుళ్ళు సూటిగా పోవు గనుక నిజానికి ఇంకా ఎక్కువే. వెబ్ పేజీ ఒక్కటి తెరవడానికి ఇలాంటి రాకపోకలు చాలా కావాలి. ‘నేను ఇండియా సర్వరే ఎంచుకున్నాను కదా’ అంటారా? 2022 ఏప్రిల్ 28న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్ళు దాచాలి. దాచబోమని ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటివి ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ భారత ఐపీ అడ్రసులను సింగపూర్, బ్రిటన్‌లలోని సర్వర్ల నుంచి ఇచ్చింది. పేరు ఇండియా, ఊరు సింగపూర్.

బ్యాటరీ కూడా కరుగుతుంది. మధ్యలోని రౌటర్లు ఉలుకూపలుకూ లేని కనెక్షన్‌ను కాసేపటికి మరచిపోతాయి. మరవకుండా ఉండేందుకు కొన్ని ఏర్పాట్లలో ఫోన్ ప్రతి 25 సెకన్లకు ఒక ఖాళీ ప్యాకెట్ పంపుతుంది, వైర్‌గార్డ్ వాడేవాళ్ళకు ఈ అంకె పరిచయమే. రోజుకు 3,456 సార్లు రేడియోను నిద్రలేపడం అది.

ఇంతవరకూ చెప్పినవన్నీ మంచి ఉద్దేశంతోనో మతిమరుపుతోనో జరిగేవి. మిగిలింది అసలు అనుమానం. జాబితాలో ఉన్న పేరు మీరు ఎప్పుడూ వినలేదు, టార్చ్ లైట్ యాపో వాల్‌పేపర్ల యాపో వీపీఎన్ అనుమతి తీసుకుని కూర్చుంది. అప్పుడు మీమాంస అక్కర్లేదు, ‘ఫర్గెట్’ కొట్టి యాప్ తీసేయాలి. ఉచిత వీపీఎన్ అయినా సరే ఊరికే నమ్మడానికి లేదు. ఆస్ట్రేలియాలోని సీఎస్‌ఐఆర్‌ఓ పరిశోధకులు మరికొందరితో కలిసి 2016లో 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను విప్పి చూస్తే, 38 శాతం యాప్‌లలో మాల్‌వేర్ ఆనవాళ్ళున్నాయి. 18 శాతం యాప్‌లు అసలు గుప్తపరచడమే లేదు, అంటే కవరు ఉంది గానీ అంటించలేదు. 2024 మార్చిలో హ్యూమన్ సెక్యూరిటీ సంస్థ గూగుల్ ప్లేలో ఉన్న 28 యాప్‌ల బండారం బయటపెట్టింది. వాటిలో 17 ఉచిత వీపీఎన్‌ల పేరుతో ఉన్నాయి. అవి చేసిన పని తిరకాసుగా ఉంటుంది, మన డేటాను ఎక్కడికో పంపడం కాదు, ఊరూ పేరూ తెలియనివాళ్ళ డేటాను మన ఫోన్ గుండా పంపడం. వాళ్ళు చేసే పాడుపనులకు చిరునామా మనది.

పెద్ద కంపెనీ అయితే భయం లేదనుకోవడమూ కుదరదు. ఇజ్రాయెల్‌కు చెందిన ఒనావోను ఫేస్‌బుక్ 2013లో కొన్నది. ‘ఒనావో ప్రొటెక్ట్’ మీ డేటాను కాపాడుతుందని ప్రచారం చేసింది. ఆ కాపలాదారు చేసిన రెండో పని, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కు చేరవేయడం. ఎవరు ఎదుగుతున్నారో తెలుసుకోవడానికి ఆ కంపెనీకి అదొక కిటికీ అయింది. 2018 ఆగస్టులో యాపిల్ అభ్యంతరం చెప్పడంతో ఆ యాప్ ఐఫోన్ల స్టోర్ నుంచి పోయింది. ఈ వ్యవహారంలో 2023 జూలైలో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనుబంధ సంస్థలు రెండింటికి కలిపి 2 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు జరిమానా వేసింది. వీపీఎన్ అనుమతి అడిగేటప్పుడు ఆండ్రాయిడ్ చూపించే చిన్న పెట్టెలో ‘ఈ యాప్ మీ నెట్‌వర్క్ రాకపోకలను గమనించగలదు’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఒనావోకు ‘ఓకే’ కొట్టినవాళ్ళకూ ఆ వాక్యం కనిపించే ఉంటుంది.

అన్నీ సరిచేశాక పరీక్షించి చూసుకోవాలి. ఫోన్‌ను రీస్టార్ట్ చేయండి. వైఫై ఆపి డేటాకు మారండి, తిరిగి వైఫైకి రండి. ఎరోప్లేన్ మోడ్ వేసి తీయండి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేసి పొద్దున్నే చూడండి, కొన్ని యాప్‌లు అప్‌డేట్ అయిన తర్వాత మళ్ళీ మేలుకుంటాయి. ఇంకా వస్తుంటే ఆండ్రాయిడ్‌ను సేఫ్ మోడ్‌లో తెరవాలి, అందులో మనం ఎక్కించిన యాప్‌లేవీ నడవవు. అక్కడ కూడా తాళంచెవి వెలుగుతోందంటే దాన్ని పెట్టింది ఫోన్ తయారీదారో, ఫోన్‌ను తన పెత్తనం కింద ఉంచుకున్న ఆఫీసో.

ఆఫీసు పెత్తనాన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వీపీఎన్ మీట బూడిదరంగులో ఉండి నొక్కినా కదలదు, ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అన్న అర్థంలో ఒక ముక్క కనిపిస్తుంది. సొంత ఫోన్‌లోనే ఆఫీసు మెయిల్ పెట్టుకున్నవాళ్ళకు ఆండ్రాయిడ్‌లో ‘వర్క్ ప్రొఫైల్’ వేరుగా ఉంటుంది, అందులోని యాప్‌ల మీద బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. ఆ ప్రొఫైల్‌కు వేరే వీపీఎన్ ఉండొచ్చు, మీ సొంత యాప్‌ల జోలికి అది రాదు. ఉద్యోగం మారాక కూడా ఆ ప్రొఫైల్ మిగిలిపోతే, ఖాతాల సెట్టింగ్స్‌లో ‘రిమూవ్ వర్క్ ప్రొఫైల్’ కొడితే వీపీఎన్ సహా మొత్తం ఊడి వస్తుంది. హైటెక్ సిటీలో రెండు మూడు కంపెనీలు మారినవాళ్ళ ఫోన్లలో ఇలాంటివి ఒకటైనా దొరకడం అరుదేమీ కాదు.

ఫోనే కంపెనీదైతే ఆ దారి లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సింది ఇదే. కంపెనీలు ఉద్యోగులకిచ్చే ఫోన్ల సీరియల్ నంబర్లను ముందే యాపిల్ దగ్గరో, గూగుల్ జీరో టచ్‌లోనో, శామ్‌సంగ్ నాక్స్‌లోనో నమోదు చేస్తాయి. అలాంటి ఫోన్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా, మొదటిసారి నెట్‌కు కలిసిన క్షణంలో అది తన నంబరు చెప్పి ‘నేనెవరి దాన్ని’ అని అడుగుతుంది. జవాబుతో పాటు నిబంధనలూ, వీపీఎన్ కూడా దిగిపోతాయి. ఐఫోన్ అయితే సెటప్‌లోనే ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అన్న తెర వస్తుంది, లేదా సెట్టింగ్స్ పై భాగాన ఏ సంస్థ పర్యవేక్షణలో ఉందో రాసి ఉంటుంది. ఆ నమోదును తొలగించగలిగింది ఆ కంపెనీ ఐటీ విభాగమే. డబ్బులిచ్చే ముందు, అమ్మేవాడి ఎదుటే ఫోన్‌ను రీసెట్ చేయించి, నెట్‌కు కలిపి, సెటప్ చివరిదాకా వెళ్ళి చూడాలి. ఆ తెర వస్తే కంపెనీ నుంచి విడుదల చేయించి తెమ్మనాలి, తేలేనంటే ఫోన్ అతనికే తిరిగి ఇచ్చేయాలి.